అల్మారాలో రెండు సీసాలు

మా వీధిలో మందు సీసా ఎప్పుడూ పాత పేపరు చుట్టుకునే ఇంటికి వస్తుంది. దాచడానికని కాదు, అదొక మర్యాద. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టుకునే ఆడవాళ్లకు ఆ చుట్ట చూడగానే లోపల ఏముందో తెలిసిపోతుంది. తెలిసి కూడా "కూరగాయలా సార్?" అని అడుగుతారు. "అవునమ్మా" అని నేనంటాను. నేను ఏళ్ల తరబడి వార్తలు రాసిన పేపరు ఆఖరికి ఈ పనికి వచ్చిందని మా ఆవిడ వెక్కిరిస్తూ ఉంటుంది. ఇంటికి వచ్చాక కూడా ఆ పేపరు విప్పం. చుట్టింది చుట్టినట్టే హాల్లో గోడ అల్మారా పై అరలోకి వెళ్తుంది. ఒక పగలంతా నన్ను భయంతో చంపింది ఈ అలవాటే.

మా ఆవిడకు ఒక్కడే అన్న. బోధన్‌లో ఉంటాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు అందులోనే పని చేశాడు, చెరుకు రసం మరిగి పాకమై గింజ కట్టే చోట. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఆ పొగగొట్టం కనిపించేంత దూరంలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. ఆయన భార్యను అక్కా అంటాను.

మా బావ ప్రతి పెళ్లిలోనూ చెప్పే కథ ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు, చెరుకు క్రషింగ్ మొదలైన రోజు సాయంత్రం, ఏదో మరమ్మతు పని మీద ఇంజనీరును పిలుచుకురావడానికి ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌కు వెళ్లాడట. అక్కడ వంట చూసుకునే ఖాన్సామా పళ్లెంలో సన్నకాడల గాజు గ్లాసులు పెట్టుకుని వస్తున్నాడు. గ్లాసుల్లో గులాబి రంగు, పైన పాలమీగడలాంటి తెల్లటి నురగ. ఇదేంటని అడిగితే ఆ ఖాన్సామా నడుస్తూ నడుస్తూనే చెప్పాడట: జిన్, ఆపిల్ బ్రాందీ, దానిమ్మ షర్బత్, నిమ్మరసం, కోడిగుడ్డు తెల్లసొన. దొరల కాలం నుంచీ వస్తున్న మందు, పింక్ లేడీ అంటారట. మా బావ దానికి గులాబి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. ఏడాదికేడాదికి కథలో నురగ ఎత్తు పెరిగింది. రుచి మాత్రం ఆయనకు తెలియదు.

ఈ మధ్య ఆయన కుడికంటికి మోతిబిందు, అదే శుక్లం, ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

"బావా, రంగులన్నీ కొత్తగ కనవడుతున్నయ్. మీ అక్క చీర గింత పచ్చగుంటదని నాకు గిప్పటిదాక తెల్వదు. ఆ గులాబి రంగొక్కటి మల్ల చూస్తే ఇగ నాకు ఫికర్ లేదు."

అది విన్నాక నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. రిటైరైన మనిషికి పనేముంటుంది? ఫోన్‌లో వీడియోలు చూసి కొలతలు నేర్చుకున్నాను. తెల్లసొనను ముందు ఐసు లేకుండా గిలక్కొట్టాలి, తర్వాత ఐసు వేసి మళ్లీ కొట్టాలి, అప్పుడే నురగ నిలుస్తుంది. వైన్ షాపులో జిన్ అడిగితే కౌంటర్ మీదున్నాయన నన్ను తేరిపార చూసి, నిచ్చెన వేసుకుని పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా తీశాడు. "గిది ఎవ్వరడుగరు సార్. డాక్టర్ రాసిండా?" అన్నాడు. దానిమ్మ గింజలు పిండి, చక్కెర వేసి నేనే పాకం పట్టాను. ఇక మిగిలింది ఆపిల్ బ్రాందీ. అది మా ఊళ్లో ఏ షాపులోనూ లేదు.

ఆపిల్ పండు మాకు ఉత్తరాది నుంచి లారీల్లో వస్తుంది. ఆ లారీలు ఇందల్వాయి దగ్గర హైవే మీద ధాబాల ముందు ఆగుతాయి. అక్కడొక ధాబా ఆయన నాకు రిపోర్టర్‌గా ఉన్నప్పటి నుంచి తెలుసు. ఆయన్ని అడిగితే కొన్ని వారాలకు కబురు పెట్టాడు. కొండ ప్రాంతపు డ్రైవరొకడు వాళ్ల ఊళ్లో ఇంట్లో కాచుకునే ఆపిల్ సారా తెచ్చిచ్చాడట. లేబుల్ లేని చిన్న సీసా, నీళ్లలా తేటగా ఉంది. నేను చేతిలోకి తీసుకోవడానికే వెనకాడాను.

"ఇంట్ల కాచిందా? మంచిదేనా?" అన్నాను.

"సగం సీసా నేను తాగిన సార్. బతికే ఉన్న గద! కావాలంటే గిల్లి చూడు."

గిల్లలేదు గానీ తెచ్చుకున్నాను. పేపరు చుట్టి అల్మారా పై అరలో పెట్టాను.

ఆ వారమే మా టేకు తలుపుకు పాలిష్ పని నడుస్తోంది. పాలిష్ చేసే పెద్దాయన లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ ఉండతో తలుపు మీద రుద్ది రుద్ది అద్దంలా చేస్తాడు. సాయంత్రం వెళ్తూ మిగిలిన స్పిరిట్ సీసా నా చేతికిచ్చాడు. "లోపల పెట్టుండ్రి సాబ్, బయట ఉంటే ఎవరన్న ఎత్కపోతరు" అన్నాడు. అదీ అంతే ఉన్న చిన్న మందు సీసానే, లేబుల్ గీకేసి కడిగి వాడుకుంటున్నది. అదీ నీళ్లలా తేటగానే ఉంది. దానికీ పాత పేపరు చుట్టి ఉంది. నేను దాన్ని అల్మారా కింది అరలో పెట్టాను. పై అరలో నాది, కింది అరలో ఆయనది. నాకు స్పష్టంగా తెలుసు కాబట్టి ఇంకెవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా బావ వచ్చాడు, నల్లద్దాలు పెట్టుకుని. వాళ్ల చెల్లెలు ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి కన్ను చూసింది. సందె దీపాలు పెట్టే వేళకు నేను వంటింట్లో సరంజామా పరిచాను. అల్మారా తెరిస్తే రెండు చుట్టలూ పై అరలోనే పక్కపక్కన ఉన్నాయి. దుమ్ము దులిపేటప్పుడు మా ఆవిడ సర్దినట్టుంది. కుడివైపుది నాదే అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. మామూలుగా అయితే మూత తీసి వాసన చూసేవాణ్ని. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి నాకు వాసన తెలియదు.

స్టీలు కూజాలో తెల్లసొన పోస్తుంటే మా ఆవిడ ముక్కు మూసుకుంది.

"పచ్చి గుడ్డా! తాగుతరా దాన్ని? థూ!"

"దొరలు తాగిండ్రే" అన్నాడు బావ.

"అందుకే పోయిండ్రు."

బావ సారా సీసా చేతికి తీసుకున్నాడు. బోధన్ చుట్టుపక్కల ఆయన ఈడు వాళ్లంతా లేబుల్ లేని మందును నిప్పుతో పరీక్ష చేయనిదే ముట్టరు. గరిటెలో కొంచెం పోసి అగ్గిపుల్ల దగ్గర పెట్టాడు. అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాడు. అదీ ఆరిపోయింది. గరిటెను స్టవ్ మీద కాసేపు వేడి చేసి మళ్లీ పుల్ల గీస్తే, ఈసారి గరిటె అంచున సన్నటి నీలి మంట లేచింది.

"సూసినవా? నీలి మంట. అసలు సరుకు. నువ్వు ఉత్తగ భయపడుతవ్ బావా, పేపరోళ్లంత గింతే."

కూజా మీద గ్లాసు బోర్లించి, చేతులు నొప్పి పుట్టేదాకా ఊపాను. సన్నకాడల గ్లాసులు మా ఇంట్లో లేవు. ఐస్‌క్రీమ్ కప్పుల్లో పోశాను. నిజంగానే గులాబి రంగు వచ్చింది. పైన వేలు మందాన తెల్లటి నురగ నిలిచింది. బావ తాగలేదు ముందు. నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, ట్యూబ్‌లైట్ కింద కప్పు ఎత్తి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశాడు. తర్వాత వేలు ముంచి ఇంత గచ్చు మీద చిలకరించాడు, కల్లు తాగేటప్పుడు నేలతల్లికి శాక పోసినట్టు. అప్పుడు తాగాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. కని ఆపిల్ యాడుంది బావా? నాకు వాసనే రాలే."

"నన్నడిగితే ఏం లాభం?"

నేనొక కప్పు, ఆయన రెండు కప్పులు తాగాం. మూడోది అడిగితే మా ఆవిడ కప్పు లాక్కుంది. సారా సీసా అప్పటికే ఖాళీ అయింది. ఆమె దాన్ని కడిగి గట్టు మీద బోర్లించింది.

పొద్దున్నే బావ మొదటి బస్సుకు వెళ్లిపోయాడు. కాసేపటికి పాలిష్ పెద్దాయన వచ్చాడు. అల్మారాలో మిగిలిన సీసా తెచ్చి ఇచ్చాను. ఆయన దాంతో కొంచెం లక్క పలచన చేసి తలుపు కింది పలక మీద రుద్దాడు. నేను కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి "అరె, అరె!" అన్నాడు. చూస్తే, అద్దంలా ఉండాల్సిన పలక మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కమ్ముకుంటోంది.

"నీళ్లున్నయ్ సాబ్ ఇందుల. నేనిచ్చింది కోరా స్పిరిట్. గిట్లెట్ల అయితది?"

నేను కుర్చీలోంచి లేచాను. స్పిరిట్‌లో నీళ్లుండవు. నీళ్లుండేది తాగే సారాలో. అంటే, ఆయన చేతిలో ఉన్నది ఆపిల్ సారా. మరి నిన్న సాయంత్రం మేం తాగింది?

ఆ స్పిరిట్ తాగేది కాదు. ఎవరూ తాగకూడదనే దాంట్లో విషం కలుపుతారు. దాని పని ఏమిటో నేను కళ్లారా చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో కల్తీ సారా తాగిన వాళ్లను ప్రభుత్వాసుపత్రికి తెచ్చారని తెలిసి వెళ్లాను. వార్డులో అరుపులూ ఏడుపులూ ఉంటాయనుకున్నాను. లేవు. వాళ్లు చాలా నెమ్మదిగా ఉన్నారు. ముందురోజు తాగారు, మంచిగానే నిద్రపోయారు, మంచిగానే లేచారు. తర్వాత ఒక్కొక్కరికి కళ్ల ముందు మంచు కురిసినట్టయింది. కిటికీ పక్క మంచం మీదున్న ఒకాయన, ఎండ ముఖం మీద పడుతుండగా, "కరెంట్ ఎప్పుడు పోయింది?" అని భార్యను అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను బయటికి వచ్చేశాను. ఆ వార్త రాశాను గానీ ఆ మాట అందులో రాయలేదు. అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టర్ చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుంది: దాన్ని వెలిగించినా నీలి మంటే వస్తుంది, మంట చూసి మోసపోతారు అని.

పేపరు ఇంకా నా చేతిలోనే ఉంది. చిన్న ప్రకటనల పేజీ తీసి ఒక కన్ను మూసి చదివాను. అక్షరాలు కనిపించాయి. రెండో కన్నుతో చదివాను. కనిపించాయి, కాకపోతే అంచులు కొంచెం చెదిరినట్టున్నాయి. నిన్న కూడా అలాగే ఉన్నాయా? గుర్తు లేదు. నేను తాగింది ఒక కప్పు. ఆయన తాగింది రెండు. అదీ కొత్తగా చూపు వచ్చిన కంటితో.

బావ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి వాళ్ల ఆవిడ ఎత్తింది.

"పండుకున్నడు తమ్మీ. బస్సు దిగి వచ్చిండు, కండ్లు మండుతున్నయ్, ఎల్తురు చూడ శాతనైతలేదు అన్నడు. తలుపులు, కిటికీలు మూసి పండవెట్టిన. ఎందుకు, ఏమైంది?"

"ఏం లేదక్కా. నేను వస్తున్న. ఆయన్ని లేపి కూసోవెట్టు."

"ఏం లేకుంటె ఎందుకు లేపాలె?"

ఫోన్ పెట్టేశాను. అప్పటి డాక్టర్ ఇప్పుడు రిటైరై మా పక్క కాలనీలోనే ఉంటాడు. ఆయనకు ఫోన్ చేశాను. ఎంత తాగారు, ఎప్పుడు తాగారు, వాంతి అయిందా, చూపు ఎలా ఉంది అని అడిగాడు. కళ్ల మంట సంగతి చెప్పగానే ఆయన గొంతు మారింది. "ఆలోచించొద్దు. ఆయన్ని అక్కడి ఆసుపత్రికి తీసుకుపో, నువ్వు కూడా చూపించుకో. వాళ్లకు నేను చెప్తా" అన్నాడు. ఆ మాట అక్కకు ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక, నేనే పోయి తీసుకెళ్దామనుకున్నాను. ఆ వార్డులో ఆయన కొందరికి కల్తీ లేని తాగే మందునే కొలిచి తాగించడం నేను చూశాను. ఒక విషానికి ఇంకోటి అడ్డుపడుతుందట. ఆ సంగతి గుర్తొచ్చి, వంటింట్లో మిగిలిన జిన్ సీసాకు చేతిలోని పేపరే చుట్టి సంచిలో వేసుకున్నాను. భయంలో మనిషి ఏమేం చేస్తాడో చెప్పలేం.

బల్ల మీద బావ నల్లద్దాలు ఉన్నాయి. మరిచిపోయి వెళ్లాడు.

"యాడికి?" అంది మా ఆవిడ.

"బోధన్. మీ అన్న అద్దాలు మరిచిపోయిండు, ఇచ్చొస్త."

"అద్దాల కోసం నువ్వే పోవాల్నా? ముఖం ఏంది గట్లున్నది?"

"ఎండ" అన్నాను. ఆమెకున్నది ఆ ఒక్క అన్నే. ఆమెకేం చెప్పను? పాలిష్ పెద్దాయన గుమ్మంలో గుడ్డతో తెల్ల పొర తుడుస్తూ, "నా సీసా సంగతేంది సాబ్?" అంటున్నాడు. తర్వాత మాట్లాడదామని దాటుకుని వెళ్లాను.

బోధన్ బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను. ఆ దారి నాకు కొట్టిన పిండి. అయినా ఆ రోజు ప్రతి బోర్డూ చదువుకుంటూ వెళ్లాను. ఎరువుల దుకాణం, పంక్చర్ షాపు, ఫంక్షన్ హాలు. జానకంపేట దాటాక దుమ్ము లేచి ఒక బోర్డు చదవలేకపోయాను. దుమ్ము వల్లనా, కంటి వల్లనా అని మెడ వెనక్కి తిప్పి చూసేలోపే బస్సు దాటిపోయింది. ఒకప్పుడు రెండు పక్కలా చెరుకు ఉండేది, ఇప్పుడంతా వరి. ఆ పచ్చదనం నాకు ఎక్కువ పచ్చగా కనిపించినా భయమే, తక్కువ పచ్చగా కనిపించినా భయమే. పక్కన కూర్చున్న ముసలామె నేను ఒక కన్ను మూసి ఒక కన్ను తెరవడం చాలాసేపు చూసింది.

"ఏం బిడ్డా, కంట్ల ఏమన్న వడ్డదా?"

"లేదవ్వా."

"మరి ఎవలికి కన్ను గొడుతున్నవ్?"

ముందు సీటు వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎడపల్లి దాటాక సంచిలోని సీసా కాళ్ల మధ్య పెట్టుకుని, పెళ్లప్పుడు మా బావ నన్ను చూడ్డానికి వచ్చిన రోజు తలచుకున్నాను. "జీతం తక్కువ ఇచ్చే ఉద్యోగమట, అయితే ఏంది, చదివేటోడు" అని వాళ్లవాళ్లను ఒప్పించింది ఆయనే. ఈ చదివేటోడు రెండు సీసాలకు తేడా తెలుసుకోలేకపోయాడని వాళ్ల చెల్లెలికి ఏ నోటితో చెప్పాలి?

బోధన్‌లో ఆటో దిగేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "లేపితే లేస్తలేడు తమ్మీ. ఊఁ అంటడు, మల్ల పండుకుంటడు" అంది. గదిలోకి వెళ్లాను. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. బయటి ఎండలోంచి రావడం వల్ల నాకే ఏమీ కనిపించలేదు. మంచం అంచు తడుముకుని కూర్చుని, ఆయన భుజం పట్టి ఊపాను.

"బావా! బావా, నేను. లే."

ఆయన కదిలాడు. చేత్తో గాలిలో వెతికి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నువ్వెప్పుడచ్చినవ్? గిదేంది, గింత చీకటున్నది. కరెంట్ పోయిందా?"

ఆ వార్డు, ఆ కిటికీ, ఆ ఎండ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. ఆయన చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను. "ఏంది బావా, గింత గట్టిగ వట్టుకున్నవ్?" అని అడిగాడు. అక్కను ఆటో ఆపమని కేకేయబోయాను. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఇగో, ఈ పాలిష్ ఆయన నాతోని పంచాయితీ వెట్టుకున్నడు. స్పిరిట్‌ల నీళ్లు కలిపిండ్రు అంటుండు. నువ్వేమో చెప్పకుంట పోతివి."

"అది ఆయనది కాదే!" గొంతు నాకు తెలియకుండానే లేచింది. "అది సారా. నిన్న మేం తాగిందే ఆయన స్పిరిట్. మీ అన్నకు కండ్లు కనవడుతలేవు."

ఫోన్‌లో వెనకాల పాలిష్ పెద్దాయన ఏదో అంటున్నాడు.

"వింటున్నవా?"

"వింటున్న." గొంతు చిన్నదైపోయింది. "నీళ్లు నేనే పోసిన."

"దేంట్ల?"

"రెండిట్ల. అన్నకు కన్ను ఆపరేషన్ అయిందాయె. అల్మారా దులుపుతుంటె రెండు సీసాలు కనవడ్డయి. రెండు దెచ్చిండు, ఈ మనిషికి బుద్ధుందా అనుకున్న. ముక్కుకు కొంగు అడ్డం వెట్టుకోని, రెండిట్లకెళ్లి ఇంత ఇంత పారవోసి, నీళ్లు నింపి పెట్టిన."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆమె మళ్లీ చెప్పింది. రెండింట్లోనూ నీళ్లే. అంటే తెల్ల పొర వచ్చినంత మాత్రాన పెద్దాయన చేతిలోది సారా అని కాదు. మరి ఏది ఏది?

"ఆయన్నడుగు. అది ఆయన సీసానేనా?"

ఈ ఒక్క ప్రశ్న నేను పొద్దున్నే, కుర్చీలోంచి లేవకుండా అడగాల్సింది. ఎన్ని వేల మందిని ఎన్ని ప్రశ్నలు అడిగి బతికాను! ఆమె ఫోన్ పక్కన పెట్టి మాట్లాడటం వినిపించింది. తర్వాత పెద్దాయన గొంతే పెద్దగా వచ్చింది. "నాది గాకుంటె ఇంకెవలది సాబ్? మూత లోపల లక్క అంటుకోని ఉన్నది, సూడుండ్రి. వాసన సుత స్పిరిట్ వాసనే. నీళ్లు వోసి ఖరాబ్ జేసిండ్రు, ఇగ కొత్తది తెప్పియ్యుండ్రి."

మళ్లీ మా ఆవిడ వచ్చింది. "నేను గూడ వాసన జూసిన. స్పిరిటే. మీరు తాగింది ఇంకోటి. నేను కడిగి బోర్లించింది." మళ్లీ తనే, "అన్నకు నిజంగ కనవడుతలేదా?" అంది. అప్పుడు ఏడ్చింది.

నేను లేచి కిటికీకి కట్టిన దుప్పటి పట్టి లాగాను. ముడి గట్టిగా ఉంది, రాలేదు. అక్క వచ్చి ఒక మూల విప్పింది. ఎండ మంచం మీద పడగానే బావ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందే, నిన్ననే కన్ను కోసినట్టు మండుతుంది! అద్దాలు మీ ఇంట్లనే మరిసిన బావా. దారి పొడుగున దుమ్ము, ఎండ. ఎందుకు తీసినవ్ దుప్పటి?"

"కనవడుతుందా?"

"ఏంది కనవడుతుందా? నీ నెత్తి మీద ఎంటికలు ఎన్ని ఉన్నయో చెప్పాల్నా? నాలుగున్నయి."

నల్లద్దాలు ఆయన ముక్కు మీద పెట్టి, ఫోన్ ఆయన చెవికి పెట్టాను. వాళ్ల చెల్లెలు ఏం చెప్పిందో గానీ, వింటూ వింటూ ఆయన ముఖం విచ్చుకుంది.

"నీళ్లు వోసినవా? ... ఎప్పటి సంది? ... పెండ్లైనప్పటి సంది!" ఫోన్ కిందికి దించి నన్ను చూశాడు. "బావా, నువ్వు తాగిందంత సగం నీళ్లే. కన్నతల్లి, మా అవ్వే నేర్పింది దానికి. మా బాపు కల్లు లొట్టిల గూడ పోసేది మా అవ్వ. బాపు సచ్చేదాక కల్లుగీసేటాయన్ని తిట్టుకుంటనే సచ్చిండు, నీళ్లు కలుపుతుండని." పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక ముఖం కొంచెం చిన్నదైంది. "అందుకేనా ఆపిల్ వాసన రాంది? అయితే నేను అసలు గులాబి దొరసానిని ఇంక తాగనే తాగలే అన్నట్టు."

అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోవడానికి కారణం కూడా నాకు అప్పుడే తట్టింది. మేం తాగింది నేను భయపడ్డట్టు నీళ్లు కలవని స్పిరిటే అయితే మొదటి పుల్లకే భగ్గుమనేది. ఆ ముక్క నాకు బస్సులో ఎందుకు తట్టలేదు?

డాక్టర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "మంచిదే. కాని ఇంట్లో కాచిన సారా అన్నావు కద. దాన్ని కూడా నమ్మలేం. రెండు రోజులు ఇద్దరి చూపూ చూసుకుంటుండు, ఏ మాత్రం తేడా ఉన్నా వచ్చెయ్" అన్నాడు. పొద్దుటి నుంచి నన్ను పట్టుకున్న భయం వదిలిపోయిందనుకుంటే, అది గది దాటి గుమ్మం దగ్గర నిలబడింది, అంతే.

అక్క అన్నం పెడతానంది. నేను సంచిలోంచి జిన్ సీసా తీసి, చుట్టిన పేపరు విప్పాను. సీసా చూడగానే బావ ముఖం వెలిగింది. "తెచ్చినవా! నువ్వు మనిషివి బావా" అన్నాడు. సీసాను అక్కకిచ్చి లోపల పెట్టమన్నాను. నలిగిన పేపరును మోకాలి మీద చదును చేసి, చిన్న ప్రకటనల పేజీ ఆయన ముందు పెట్టాను.

"చదువు."

"ఏంది?"

"ఆపరేషన్ కాని కన్ను మూసి చదువు."

"నీకు పిచ్చి లేసిందా?" అంటూనే అద్దాలు నుదుటి మీదికి తోసి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చదవడం మొదలుపెట్టాడు. "ఇల్లు కిరాయికి ఇవ్వబడును, రెండు గదులు, బోరు నీళ్లు. ... పాత బోరు మోటారు అమ్మబడును. గిది నాకు కావాలె బావా, మన మోటారు కాలిపోయింది."

"ఇప్పుడు రెండో కన్నుతో."

"పసుపు ఉడకవెట్టే కడాయి, మంచి కండిషన్ల ఉన్నది. ... టైలర్ కావలెను."

ఆయన వేలు పెట్టిన వరుస మీదే నేనూ నా ఒక కన్ను మూసుకుని లోలోపల చదువుతున్నాను. ఆయన కంటే ఒక్క మాట వెనక. కాలమ్ అయిపోయింది.

"ఇగ సాలు బావా, అన్నం సల్లారుతుంది."

"పక్క కాలమ్" అన్నాను.